షట్టర్ దించాక: మాల్‌లో నడిచే సినిమాల్లో ఎవరికి ఏది

మాల్‌లో ఒక పాటో ఫైటో ఉన్న సినిమాలను లెక్కపెట్టడం మొదలుపెడితే మన కమర్షియల్ సినిమాల్లో సగం ఈ జాబితాలోకి వచ్చేస్తాయి. హీరోయిన్ నాలుగు సంచులతో ఎస్కలేటర్ దిగుతుంది, హీరో ఎదురొస్తాడు, అక్కడితో మాల్ పని అయిపోతుంది. ఇక్కడ చెప్పబోయేది వాటి గురించి కాదు. మాల్‌ను తీసేసి ఆ స్థానంలో బస్టాండునో కాలేజీనో పెడితే కూలిపోయే కథల గురించి.

అలాంటివి మరీ ఎక్కువ లేవు. ఉన్నవి కూడా ఒకదానితో ఒకటి పొంతన లేనివి. ఒకదాంట్లో శవాలు లేచి తిరుగుతాయి, ఇంకోదాంట్లో మంగలి షాపు అమ్మాయిలు పాడుతుంటారు, మరోదాంట్లో బట్టల కొట్లో పనిచేసే పిల్లలు సూపర్‌వైజర్‌కు భయపడుతుంటారు. హారరా, కామెడీయా అని మాత్రమే చూసి ఎంచుకుంటే ఆ రాత్రి వృథా అయ్యే అవకాశం ఎక్కువ. కాబట్టి ముందు వేరే కొలతలు పెట్టుకోవాలి.

దేన్ని చూసి ఎంచుకోవాలి

కథ ఎంతసేపు మాల్ లోపల ఉంటుందన్నది మొదటి కొలత. పోస్టరు మీద మాల్ ఉండి, లోపల ఇరవై నిమిషాలు కూడా లేని సినిమాలున్నాయి.

రెండోది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: కెమెరా కౌంటర్‌కు ఎటువైపు నిలబడింది? కొనేవాళ్ళ వైపా, అమ్మేవాళ్ళ వైపా, గేటు దగ్గర కాపలా కాసేవాడి వైపా? ఒకే భవనం ఈ ముగ్గురికీ మూడు రకాలుగా కనిపిస్తుంది. చాలా సినిమాలు కొనేవాళ్ళ వైపే ఉండిపోతాయి.

మూడోది, తలుపులు మూసుకుంటాయా లేదా. 1956లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో సౌత్‌డేల్ సెంటర్ తెరిచినప్పటి నుంచి మాల్ అంటే అన్ని వైపులా మూసి, చల్లగా ఉంచి, బయటి వాతావరణాన్ని మరిపించే కట్టడమే. దాన్ని గీసిన వాస్తుశిల్పి విక్టర్ గ్రుయెన్ ఊరికి ఒక నడిబొడ్డు కట్టాలనుకున్నాడు. ఆ తర్వాత వచ్చినవాటిని చూసి, వాటికి తండ్రినని తనను పిలవొద్దని తెగేసి చెప్పాడు. వచ్చినవాడు బయటికి పోవడం మరిచిపోవాలనే కట్టిన చోటు కనుక, దర్శకులకు ముందుగా వచ్చే ఆలోచన కూడా తాళం వేయడమే. తాళం పడిన సినిమాలో ఉత్కంఠ దానంతటదే వస్తుంది. తాళం పడని సినిమా మాటలతోనో పాటలతోనో నిలబడాలి, అది కష్టం.

నాలుగోది మామూలు ఇంటి సమస్య: సోఫాలో మీ పక్కన ఎవరు కూర్చుంటారు?

| సినిమా | మాల్ లోపల | ఎవరి వైపు నుంచి | నెత్తురు | ఎవరితో చూడొచ్చు |
|---|---|---|---|---|
| డాన్ ఆఫ్ ద డెడ్ (1978) | దాదాపు మూడొంతులు | లోపల దాక్కున్నవాళ్ళు | చాలా ఎక్కువ | ఒంటరిగా, లేదా గుండె గట్టి స్నేహితులతో |
| డాన్ ఆఫ్ ద డెడ్ (2004) | ఎక్కువ భాగం | లోపల దాక్కున్నవాళ్ళు | ఎక్కువ | స్నేహితులతో |
| షాపింగ్ మాల్ (తమిళంలో అంగాడి తెరు, 2010) | సగానికి పైగా, మిగతాది ఆ వీధిలో | అమ్మేవాళ్ళు | తక్కువ, కానీ గుండె బరువు | పెద్దవాళ్ళతో |
| మాల్‌రాట్స్ (1995) | చాలావరకు | పనిలేని కుర్రాళ్ళు | లేదు, బూతు మాత్రం ఉంది | స్నేహితులతో మాత్రమే |
| పాల్ బ్లార్ట్: మాల్ కాప్ (2009) | ఎక్కువ భాగం | సెక్యూరిటీ గార్డు | లేదు | పిల్లలతో |
| గోల్డెన్ ఎయిటీస్ (1986) | చివరి కాస్త తప్ప అంతా | అమ్మేవాళ్ళు | లేదు | ఓపికున్న ఎవరితోనైనా |
| చాపింగ్ మాల్ (1986) | దాదాపు అంతా | చిక్కుకున్న ఉద్యోగులు | ఎక్కువ, నాటుగా | అర్ధరాత్రి స్నేహితులతో |
| బీస్ట్ (2022) | ఎక్కువ భాగం | బందీలు, హీరో | మన మాస్ సినిమా కొలతలో | విజయ్ అభిమానులతో |

రెండు డాన్‌లు

మాల్ సినిమా అనగానే మొదట వినబడే పేరు జార్జ్ రొమేరో 1978లో తీసిన డాన్ ఆఫ్ ద డెడ్. చచ్చినవాళ్ళు లేచి బతికున్నవాళ్ళను తింటున్నారు. నలుగురు హెలికాప్టర్‌లో పారిపోయి ఒక మాల్ పైకప్పు మీద దిగుతారు. పెన్సిల్వేనియాలో పిట్స్‌బర్గ్ పక్కనున్న మన్రోవిల్ మాల్‌లోనే దీన్ని తీశారు. రాత్రి దుకాణాలు కట్టేశాక మొదలుపెట్టి, పొద్దున మళ్ళీ తెరిచేలోపు సర్దుకునేవారు. క్రిస్మస్ అలంకరణలు పెట్టిన రోజుల్లో షూటింగు ఆపి, అవి తీసేశాక మళ్ళీ మొదలుపెట్టారు.

శవాలు మాల్‌కే ఎందుకు వస్తున్నాయని ఒకరు అడిగితే, బతికున్నప్పుడు వాళ్ళకు ఇది ముఖ్యమైన చోటు, ఆ అలవాటు పోలేదన్న అర్థంలో జవాబు వస్తుంది. దీని గురించి రాసేవాళ్ళంతా ఆ మాటనే పట్టుకుంటారు. నన్ను పట్టుకున్నది వేరే సన్నివేశం. అంతా సద్దుమణిగాక ఇద్దరు మగవాళ్ళు మాల్‌లోని బ్యాంకులోకి వెళ్ళి నోట్ల కట్టలు తీసుకుంటారు. ఆ నోట్లు చెల్లే దేశం అప్పటికి మిగల్లేదు, అది వాళ్ళకు తెలుసు. అయినా తీసుకుంటారు, ఏమో ఎప్పుడైనా పనికొస్తాయేమోనని. తామున్న వాటాకు పోయే దారిని చెక్కలతో మూసి ఉత్త గోడలా కనిపించేట్టు చేస్తారు. లోపల సోఫా, టీవీ, బొచ్చు కోట్లు పెట్టుకుని కాపురం వెలగబెడతారు. తర్వాత విసుగు మొదలవుతుంది. అన్నీ ఉచితంగా దొరికే మాల్‌లో విసుగు పుట్టించడమే ఈ సినిమా అసలు ఘనత.

ఇక అడ్డంకులు. టామ్ సావీనీ చేసిన మేకప్‌లో శవాల ముఖాలు నీలి బూడిద రంగులో ఉంటాయి, నెత్తురు రంగు డబ్బా ఒలికినంత ఎర్రగా ఉంటుంది. ఇప్పటి కుర్రాళ్ళు నవ్వినా నవ్వుతారు. శవాలు నెమ్మదిగా నడుస్తాయి, సినిమా కూడా మధ్యలో నెమ్మదిస్తుంది. పేగులు బయటపడే దృశ్యాలు మాత్రం ఇప్పటికీ తిన్న అన్నం మీదికి వస్తాయి.

అదే పేరుతో 2004లో వచ్చింది జాక్ స్నైడర్ తీసిన మొదటి సినిమా. స్క్రీన్‌ప్లే జేమ్స్ గన్‌ది. ఇందులో శవాలు పరుగెత్తుతాయి. తేడా అంతా అక్కడే ఉంది. పరుగెత్తే శవం భయపెడుతుంది, నడిచే శవం ఆలోచన పుట్టిస్తుంది. నర్సుగా సారా పోలీ ఉన్న తొలి పది నిమిషాలు మాత్రం పాతదానికన్నా బలంగా ఉంటాయని ఒప్పుకుంటాను. ఎదురు భవనం కప్పు మీద ఒంటరిగా ఉన్న తుపాకుల కొట్టు యజమానితో మాల్ పైకప్పు మీదివాళ్ళు అట్టల మీద రాసి మాట్లాడుకోవడం, చదరంగం ఆడటం కూడా బాగుంటుంది. కానీ ఈ మాల్ ఒక కోట మాత్రమే. వీళ్ళకు అక్కడి వస్తువుల మీద మోజు లేదు. కెనడాలో కూల్చివేతకు సిద్ధంగా ఉన్న ఒక మాల్‌ను తీసుకుని తమకు కావలసినట్టు మార్చుకుని తీశారు. ఆ ఖాళీతనం తెర మీద కూడా తెలుస్తుంది.

గంటా నలభై నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చోవాలంటే 2004ది చూడండి. మరుసటి వారం మాల్‌కు వెళ్ళినప్పుడు చుట్టూ నడుస్తున్నవాళ్ళను కాస్త వింతగా చూడాలనుంటే 1978ది.

షాపింగ్ మాల్

తమిళంలో వసంతబాలన్ తీసిన అంగాడి తెరు 2010లో వచ్చింది. తెలుగులోకి షాపింగ్ మాల్ పేరుతో డబ్ చేశారు. ఫుడ్ కోర్టు, మల్టీప్లెక్సు ఉన్న మాల్ ఇందులో లేదు. చెన్నై టి.నగర్‌లో రంగనాథన్ వీధి, అక్కడి బహుళ అంతస్తుల బట్టల దుకాణం, అందులో పనిచేసే పల్లెటూరి పిల్లలు, ఇదీ సినిమా. మన ఊళ్ళలో షాపింగ్ మాల్ అనే బోర్డు పెట్టుకున్న నాలుగంతస్తుల వస్త్ర దుకాణాలు అచ్చంగా ఇలాంటివే. అందుకే అమెరికా సినిమాలన్నిటికన్నా మనకు ఇదే దగ్గర.

కథానాయకుడు లింగు తిరునెల్వేలి వైపు కుర్రాడు, బాగా చదివేవాడు. తండ్రి పోవడంతో చదువు ఆగి కొట్లో చేరతాడు. అక్కడ కని పరిచయమవుతుంది. కనిగా చేసిన అంజలి మన రాజోలు అమ్మాయే. సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టులో సీతగా తెలుగువాళ్ళందరికీ దగ్గర కావడానికి మూడేళ్ళ ముందు చేసిన పాత్ర ఇది, ఉత్తమ నటిగా తమిళ ఫిలింఫేర్ తెచ్చిపెట్టింది. సూపర్‌వైజర్‌గా వేసిన ఎ.వెంకటేష్ స్వయంగా దర్శకుడు. అతను నడవలోకి వస్తుంటే అంతవరకు గుసగుసలాడుకుంటున్న పిల్లలు చీరలు మడతపెట్టడంలో మునిగిపోయే తీరు చూడండి, ఆ భయం నటనలా ఉండదు.

పోలికలో ఈ సినిమా ఎందుకు పైన నిలుస్తుందంటే, కెమెరా పొద్దున్నుంచి రాత్రి వరకు కౌంటర్ వెనకే నిలబడుతుంది. మనం కౌంటర్ ముందు కూర్చుని ఇంకో రంగు చూపించమ్మా, ఆ పైన ఉన్నది తియ్యి అంటూ యాభై చీరలు తీయించి, చూసొస్తాం అని లేచిపోయే మనుషులం. ఆ యాభై చీరలనూ ఎవరో మళ్ళీ మడతపెట్టాలి, అది కూడా నిలబడే. రాత్రి షట్టర్ దించాక ఆ పిల్లలు పోయేది ఇంటికి కాదు, జనాన్ని కుక్కిన హాలులాంటి వసతి గదికి. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల చట్టాలను సవరించి, పనిచేసేవాళ్ళకు కూర్చునే వీలు ఉండాలని రాసుకోవాల్సి వచ్చింది. కుర్చీ కోసం చట్టం ఎందుకని ఆశ్చర్యపోయేవాళ్ళకు ఈ సినిమా చూపిస్తే చాలు.

దుకాణం బయటి వీధిని కూడా దర్శకుడు వదల్లేదు. అసహ్యంగా పడి ఉన్న ఒక మరుగుదొడ్డిని ఎవరూ చెప్పకుండానే కడిగి, వచ్చినవాళ్ళ దగ్గర చిల్లర వసూలు చేసి దాన్నే బతుకుతెరువు చేసుకున్న మనిషి కనిపిస్తాడు. కథకు అతని అవసరం లేదు, ఆ వీధికి ఉంది.

లోపాలూ ఉన్నాయి. రెండున్నర గంటల నిడివి. రెండో సగంలో కష్టం మీద కష్టం పేర్చుకుంటూ పోతారు, ఒక దశలో ఇక చాలనిపిస్తుంది. చివరి మలుపు చాలామందిని కుదిపేసింది. నాకు మాత్రం అంత అవసరమా అనిపించింది. డబ్బింగ్‌లో చూడాలా, తమిళంలో చూడాలా అన్నది ఇంకో ప్రశ్న. జయమోహన్ రాసిన మాటల్లోని తిరునెల్వేలి యాస తెలుగులో పోతుంది, బోర్డులన్నీ తమిళంలో ఉండగా మనుషులు తెలుగు మాట్లాడటం మొదట కాస్త ఇబ్బంది పెడుతుంది. కొద్దిపాటి తమిళం అర్థమైతే మూలమే చూడండి. అమ్మతోనో అత్తతోనో చూస్తుంటే తెలుగుదే మేలు, ఉపశీర్షికలు చదివే శ్రమ లేకపోతే వాళ్ళు ఎక్కువ మాట్లాడతారు.

ఇది నచ్చినవాళ్ళు తర్వాత వెతుక్కోవాల్సింది దక్షిణ కొరియా సినిమా కార్ట్ (2014). అందులో ఉన్నది సూపర్‌మార్కెట్. 2007లో అక్కడి ఒక హైపర్‌మార్కెట్ సంస్థలో మహిళా ఉద్యోగులు చేసిన సమ్మె దానికి ఆధారం.

నవ్వుకోవడానికి

ఇక్కడ పోటీ రెండింటి మధ్య, నిర్ణయం కూడా సులువు: ఇంట్లో పిల్లలున్నారా లేదా.

ఉంటే పాల్ బ్లార్ట్. పోలీసు పరీక్ష గట్టెక్కలేక మాల్‌లో గార్డుగా మిగిలిపోయిన లావుపాటి మనిషి, రెండు చక్రాల సెగ్వే బండి మీద తిరుగుతూ, తనను ఎవరూ లెక్కచేయకపోయినా డ్యూటీ మాత్రం మానడు. అమెరికాలో భారీ తగ్గింపు ధరలతో అమ్మే బ్లాక్ ఫ్రైడే నాడు దొంగల ముఠా మాల్‌ను చేజిక్కించుకుంటుంది. ఆ సమయంలో ఇతను వీడియో గేమ్ గిటారు మెడలో వేసుకుని ఒళ్ళు మరిచి వాయించుకుంటుంటాడు. కెవిన్ జేమ్స్ పడటం, దొర్లడం మీదే నవ్వంతా నడుస్తుంది, పదేళ్ళ పిల్లలకు అది చాలు. పెద్దలకు గంట దాటాక ఓపిక పరీక్ష. అయినా ఒక మాట చెప్పాలి. మాల్ గార్డును కథానాయకుణ్ణి చేసి ఇంత పెద్ద ఎత్తున డబ్బు చేసుకున్న సినిమా ఇదే.

పిల్లలు లేకపోతే మాల్‌రాట్స్. కెవిన్ స్మిత్ దీన్ని మిన్నెసోటాలోని ఈడెన్ ప్రెయిరీ సెంటర్‌లో తీశాడు, కథ న్యూజెర్సీలో. ప్రేయసులు వదిలేసిన ఇద్దరు కుర్రాళ్ళు ఏమీ తోచక మాల్‌కు వస్తారు, అంతే. థియేటర్లలో ఘోరంగా పోయి, తర్వాత వీడియో క్యాసెట్ల మీద బతికింది. అదే మాల్‌లో ఇంకొకడు గోడకు పెట్టిన త్రీడీ చుక్కల బొమ్మ ముందు నిలబడి, దాంట్లో దాగిన పడవ తనకు ఎందుకు కనబడటం లేదో అర్థం కాక కుమిలిపోతుంటాడు. దారినపోయే పిల్లలకు కూడా ఇట్టే కనబడుతుంది. కొనడానికి ఏమీ లేకపోయినా మాల్‌లో గంటలు గడిపే వయసును ఇంత బాగా పట్టుకున్న పాత్ర వేరే సినిమాలో నాకు కనబడలేదు. మార్వెల్ కామిక్స్ రచయిత స్టాన్ లీ తనలాగే కనిపించి ప్రేమ గురించి సలహా చెబుతాడు, కామిక్స్ పిచ్చి ఉన్నవాళ్ళకు అదొక కానుక. మాటల్లో బూతు ధారాళంగా ఉంటుంది, ఇంట్లో స్పీకర్లో పెట్టకండి.

వుడీ ఆలెన్, బెట్ మిడ్లర్ నటించిన సీన్స్ ఫ్రమ్ ఎ మాల్ (1991) కూడా ఈ వరసలో కనబడుతుంది. భార్యాభర్తలు మాల్‌లో తిరుగుతూ రహస్యాలు బయటపెట్టుకుని పోట్లాడుకుంటారు. ఆలోచన బాగుంది, గొడవ మూడోసారి మొదలయ్యేసరికి మనకే లేచి పోవాలనిపిస్తుంది.

గోల్డెన్ ఎయిటీస్

బెల్జియం దర్శకురాలు షాంతాల్ ఆకెర్మాన్ తీసిన మ్యూజికల్. మొదటి దృశ్యంలో మొహాలు కనిపించవు. పలకల నేల మీద ఆడవాళ్ళ చెప్పులు టకటకమంటూ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోతుంటాయి. తర్వాత ఒక బట్టల దుకాణం, దాని ఎదురుగా హెయిర్ సెలూన్, పక్కన కాఫీ కౌంటర్. బట్టల కొట్టు నడిపే జాన్ పాత్రలో దెల్ఫిన్ సేరిగ్ ఉంది. నాజీల శిబిరాల నుంచి బతికి బయటపడిన స్త్రీ ఆమె. యుద్ధం అయిపోయిన రోజుల్లో ప్రేమించిన అమెరికన్ సైనికుడు ఇన్నేళ్ళ తర్వాత ఆ మాల్‌లోనే ఎదురవుతాడు. ఆమె కొడుకేమో సెలూన్ నడిపే ఆవిడ వెంట పడుతుంటాడు, సెలూన్‌లో పనిచేసే అమ్మాయేమో ఆ కొడుకు మీద ఆశ పెట్టుకుంటుంది.

రంగులు, పాటలు చూసి తేలిక సినిమా అనుకుంటారు. తాళాలు లేకపోయినా వీళ్ళెవరూ బయటికి పోలేరని మెల్లగా తెలుస్తుంది. దాదాపు చివరిదాకా ఎండ మొహం చూపించరు, పగలో రాత్రో తెలియని ట్యూబులైట్ల వెలుతురే. డ్యాన్సుల భారీతనం ఆశించేవాళ్ళకు ఇది సరిపడదు. పాటలు సంభాషణల్లాగే వచ్చిపోతాయి.

చాపింగ్ మాల్, బీస్ట్

చాపింగ్ మాల్ 77 నిమిషాలే. రాత్రి కాపలాకు పెట్టిన రోబోలు పిడుగు పడి పిచ్చెక్కి, ఫర్నిచర్ షాపులో దొంగచాటుగా పార్టీ చేసుకుంటున్న కుర్ర ఉద్యోగులను వేటాడతాయి. తెల్లారేదాకా ఉక్కు తలుపులు తెరుచుకోవు. మనిషిని చంపాక రోబో మర్యాదగా థాంక్యూ చెబుతుంది. దీని నుంచి ఇంతకు మించి ఆశించకపోతే చాలా సరదాగా గడిచిపోతుంది. లాస్ ఏంజెలెస్‌లోని షెర్మన్ ఓక్స్ గలేరియాలో తీశారు. అన్ని వైపులా మూసి ఉండే ఆ మాల్ 1999లో మూతపడి, తర్వాత ఆరుబయట నడిచే తరహాలోకి మారిపోయింది. ఎనభైల నాటి లోపలి రూపం ఇలాంటి సినిమాల్లోనే మిగిలింది.

బీస్ట్‌లో దర్శకుడు నెల్సన్ ఒక చెన్నై మాల్‌ను ఉగ్రవాదుల చేతికిచ్చి, లోపల విజయ్‌ను పెట్టాడు. మొదటి గంట హాయిగా ఉంటుంది, వీటీవీ గణేష్ ఉన్నంతసేపు మరీను. కానీ హీరోకు దెబ్బ తగులుతుందన్న భయం ఒక్క క్షణం కూడా లేనప్పుడు తలుపులు మూసి ప్రయోజనం ఏముంది? మాల్ కేవలం సెట్టుగా మిగిలిపోయింది. తెలుగులో దొరుకుతుంది, పాటలు హుషారుగా ఉంటాయి. పండగ మధ్యాహ్నం భోజనాల తర్వాత చూడటానికి అడ్డేమీ లేదు.

అంచున నిలిచినవి

జాకీ చాన్ పోలీస్ స్టోరీ (1985) మాల్ సినిమా కాదు, కానీ చివరి పోరాటం హాంకాంగ్‌లోని వింగ్ ఆన్ ప్లాజాలో జరుగుతుంది. పగలని అద్దం ఉండదు. సీరియల్ లైట్లు చుట్టిన పొడవాటి స్తంభం పట్టుకుని పై అంతస్తు నుంచి జారే చోట జాకీ చేతులు నిజంగానే కాలాయి. మాల్ ఎత్తును, అద్దాలను, మెట్లను ఇంతగా వాడుకున్న ఫైట్ వేరేది చూడలేదు.

మలయాళం హెలెన్ (2019)లో అన్నా బెన్ మాల్‌లోని చికెన్ రెస్టారెంటు ఫ్రీజర్ గదిలో చిక్కుకుంటుంది. మాల్ కనిపించేది తక్కువ. అయితే ఆ అమ్మాయి బయటికి పోలేదని గుర్తుపట్టేది రోజూ ఆమె నవ్వుతూ పలకరించే గార్డు, అదే ఆ సినిమాను ఈ జాబితా అంచున నిలబెట్టింది. ఇంటిల్లిపాదీ చూడొచ్చు, చలికి తట్టుకోగలిగితే.

ఎవరికి ఏది

బట్టల కొట్లోనో సూపర్‌మార్కెట్‌లోనో పనిచేసినవాళ్ళు, లేదా ఇంట్లో అలా పనిచేసేవాళ్ళు ఉన్నవాళ్ళు షాపింగ్ మాల్‌తో మొదలుపెట్టండి. మనసు బాగోలేని రోజున మాత్రం వద్దు, ఆ రోజుకు మాల్‌రాట్స్ ఉంది.

సినిమా తీయాలనుకునే కుర్రాళ్ళు ముందు గోల్డెన్ ఎయిటీస్, వెంటనే చాపింగ్ మాల్ చూడటం మంచిది. రెండూ 1986వే. ఒకటి మూడు దుకాణాలు, ఒక నడవతో జీవితాలు చూపించింది. రెండోది తక్కువ ఖర్చులో రాత్రిపూట దొరికిన నిజం మాల్‌ను ఎలా వాడుకోవాలో చూపించింది.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్ళకు 1978 డాన్ ఇంకాస్త ఎక్కువ తగులుతుంది, పిట్స్‌బర్గ్ వైపు ఉన్నవాళ్ళకైతే మరీ. ఆ మన్రోవిల్ మాల్‌ను 2025లో వాల్‌మార్ట్ కొనేసింది, కూల్చి వేరేది కట్టే ఆలోచనతో. చూడాలనుకునేవాళ్ళు ఎక్కువ వాయిదా వేయకుండా వెళ్ళిరావడం మంచిది.

ఆ సినిమా వెతికేటప్పుడు నిడివి గమనించండి, మూడు కూర్పులు చలామణిలో ఉన్నాయి. అమెరికా థియేటర్లలో ఆడింది 127 నిమిషాలది, మొదటిసారి చూసేవాళ్ళకు అదే సరైనది. 139 నిమిషాల దాంట్లో మాల్ కాపురం ఇంకాస్త సాగుతుంది. ఇటలీ దర్శకుడు దారియో అర్జెంటో యూరప్ కోసం కత్తిరించింది రెండు గంటల లోపే ఉంటుంది. గోబ్లిన్ బృందం సంగీతం ఎక్కువ, హాస్యం తక్కువ. ఆ సినిమా అప్పటికే నచ్చినవాళ్ళు రెండోసారికి దాన్ని అట్టేపెట్టుకోవచ్చు.